మూడు లాప్‌టాపులు, ఏడు గంటలప్పటి ఖాళీ

2025 మార్చి ఇరవై ఒకటో తేదీ, శుక్రవారం, సాయంత్రం నాలుగుంబావుకి మా తమ్ముడింటి నడిమింట్లో బల్ల మీద మూడు లాప్‌టాపులు వరసగా పెట్టాము. ఒకటి నాది, విండోస్. రెండోది నా మనవరాలిది, మ్యాక్. మూడోది మా తమ్ముడి పాతది. దానికి కొత్త విండోస్ ఎక్కదని తెర మీద నోటీసు వస్తుంటే మనవరాలు అందులో లినక్స్ ఎక్కించింది. ఈ మూడింటిలో ఏది మంచిదో తేల్చాలి. దేనికి మంచిదన్నది ముందు తేల్చుకోవాలని నేను పట్టుబట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు మొదలుపెట్టే పిల్లలు నాకు కొత్త కాదు.

ప్రశ్న రొయ్యల గుంటలది. చిట్టమూరు దాటాక వాగు పక్కన మా తమ్ముడికి లీజు గుంటలు రెండున్నాయి. తూరుపు గుంటలో ఫిబ్రవరి అయిదున రొయ్యపిల్ల వదిలాడు, పడమటి గుంటలో మార్చి పన్నెండున. గుంటల్లో తిరిగే గాలి చక్రాలు కరెంటు మీద నడుస్తాయి. రొయ్య పెరిగేకొద్దీ దానికి నీళ్లలో గాలి ఎక్కువ కావాలి. నిండుగా ఉన్న గుంటలో చక్రాలు ఆగిపోయి అరగంట దాటితే రొయ్య నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. కరెంటు పోయిన వెంటనే ఎవరో ఒకరు జనరేటరు వేయాలి. కాపలా మనిషి ఫిబ్రవరి నెలాఖరులో మానేశాడు. అప్పటినుంచి పగలంతా తమ్ముడే గట్టు మీద ఉంటున్నాడు, రాత్రి తొమ్మిదికి వెళ్లి అక్కడే పడుకుంటున్నాడు. సాయంత్రం ఆరున్నరకి స్నానానికి, కుటుంబ ప్రార్థనకి, అన్నానికి ఇంటికి వస్తాడు. ఆ రెండున్నర గంటలూ గుంటల దగ్గర ఎవరూ ఉండరు.

"ఈ పంట నిలబడితే నిలబడినట్టు అక్కా. తూరుపు గుంట పోయిందా, దాని లీజు మళ్లా రాయించుకోను. అరవై మూడేళ్లకి ఇంకా ఎన్నిసార్లు మొదలుబెట్టేది?" అన్నాడు తమ్ముడు.

మనవరాలు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. ఇంటి నుంచి పని చేసుకునే వీలు దొరికి మూడు నెలలు నా దగ్గర ఉండటానికి వచ్చింది. ఆ రెండున్నర గంటల సంగతి విని, గట్టు మీద సిమ్ కార్డు ఉన్న చిన్న డబ్బా ఒకటి బిగించింది. చక్రాలకి కరెంటు ఉందా, నీళ్లలో గాలి ఎంతుంది అన్నది ఆ డబ్బా నిమిషానికోసారి ఇంటికి చెబుతుంది. ఇంట్లో లాప్‌టాప్ ఆ కబురు అందుకుని గీత గీస్తుంది. కరెంటు పోతే సైరన్ మోగిస్తుంది, అందరి ఫోన్లకీ కొడుతుంది. ఆ ప్రోగ్రాము తనే రాసింది. ఇక మిగిలింది ఒక్కటే, దాన్ని ఏ లాప్‌టాప్‌లో శాశ్వతంగా ఉంచాలి?

"మూడు సంబంధాలు ఒకేరోజు చూస్తా ఉండారు" అన్నాడు తమ్ముడు, ఆరున్నరకి వచ్చి స్నానం చేసి తల తుడుచుకుంటూ. "పిల్లలు ఏమంటా ఉండారు?"

"నీ పిల్ల ముసలిది తాతా. మెడ కూడా నిలబడదు" అంది మనవరాలు.

నిజమే. తమ్ముడి లాప్‌టాప్‌కి మూత కీలు విరిగిపోయింది. తెర మూయడానికి రాదు, తెరిస్తే నిలబడదు. గోడకి ఆనించి పెట్టాము.

మూడు వారాలు మూడింటిలోనూ అదే ప్రోగ్రాము నడపాలనుకున్నాము. ఏది ఎక్కువ నమ్మకంగా నడిస్తే అది ఉంటుంది. ఈలోగా రోజువారీ పనులు కూడా మూడింటి మీదా చేసి చూస్తానన్నాను. నాకు డెబ్బై నాలుగేళ్లు. విండోస్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. అన్నం వండటానికి వేరే ఇంటి పొయ్యి దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది మొదట్లో. అన్నీ ఉన్నాయి, ఏదీ చెయ్యి చాచిన చోట లేదు.

మ్యాక్‌లో కిటికీ మూసే బొత్తాలు ఎడమపక్క ఉన్నాయి. మూడు రంగులు, సిగ్నల్ దీపాల్లాగా. ఎర్రది నొక్కితే కిటికీ పోయింది, ప్రోగ్రాము మాత్రం పోలేదు. అడుగున దాని బొమ్మ కింద చిన్న చుక్క ఉండిపోయింది.

"ఇదేంది, తలుపేసుకుని లోపలే కూర్చుందే?" అన్నాను.

"అంతే అమ్మమ్మా. కిటికీ వేరు, ప్రోగ్రాము వేరు. పొమ్మని విడిగా చెప్పాల."

నాకు అది నచ్చింది. విండోస్‌లో చివరి కిటికీ మూస్తే ఎక్కువ ప్రోగ్రాములు వెళ్లిపోతాయి. ఇన్నేళ్లూ రెండూ ఒకటేననుకున్నాను. ఒకే పని రెండు చోట్ల రెండు రకాలుగా జరిగితే గాని, అందులో రెండు పనులున్నాయని తెలియదు.

లినక్స్ ఇంకో విడ్డూరం. కొత్త ప్రోగ్రాము కావాలంటే నల్లటి కిటికీలో ఒక వరస కొట్టాలి. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతున్నాను, తెర మీద చుక్క కూడా పడదు. మూడుసార్లు కొట్టి, కీబోర్డు చెడిపోయిందని చెప్పాను. మనవరాలు పడీ పడీ నవ్వింది. ఎన్ని అక్షరాలు కొట్టామో కూడా పక్కవాళ్లకి తెలియకూడదట. ఆ పట్టింపు నాకు అర్థమైంది. నేనైనా అలాగే చేస్తాను.

ఆ పాత లాప్‌టాప్ విండోస్‌తో ఉన్నప్పుడు కాఫీ కలుపుకుని వచ్చేదాకా తెరుచుకునేది కాదు. లినక్స్‌తో, నేను కుర్చీ లాక్కుని కూర్చునేలోగా సిద్ధంగా ఉంది. ప్రింటరు మాత్రం దాని మాట వినడానికి రెండు పూటలు పట్టింది. నా విండోస్‌లో ప్రింటరు, తెలుగు టైపింగు, బ్యాంకు పని, అన్నీ అలవాటైన చోటే ఉన్నాయి. కాకపోతే ఒక మధ్యాహ్నం తనను తాను మార్చుకుంటానని, మళ్లీ మొదలవుతానని చెప్పింది. ఏ గంటల్లో అలా చేయకూడదో చెప్పుకునే వీలుందట. సాయంత్రం గంటలు చెప్పి పెట్టాము.

ప్రోగ్రాము రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందని ఒకరోజు అడిగాను. మనవరాలు తన ప్రోగ్రాము చూపించింది. మ్యాక్‌లో రాసింది లినక్స్‌లో దాదాపు అలాగే నడిచింది. విండోస్‌లో రెండు మూడు చోట్ల మార్చాల్సి వచ్చింది. ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామాలో గీత మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఒకవైపు వాలి ఉంటుంది, విండోస్‌లో రెండోవైపు.

"ఎందుకట్టా?"

"ఆ రెండూ ఒక ఇంటి పిల్లలు అమ్మమ్మా. ఇది వేరే ఇంటిది. ఇప్పుడు విండోస్ లోపలే లినక్స్ ఒకటి పెట్టుకోవచ్చు. మా ఆఫీసులో సగం మంది అట్టనే చేస్తారు."

"ఇల్లరికం" అన్నాడు తమ్ముడు.

మొదటి వారం చివర నేను గీతలు చూడటం మొదలుపెట్టాను. మూడు లాప్‌టాపుల గీతలూ ఒకదాని కింద ఒకటి పెట్టుకుని చూశాను. ఒకటే గుంట, ఒకటే డబ్బా. మూడూ ఒకేలా ఉండాలి. ఉన్నాయి కూడా, ఒక్క చోట తప్ప. నా విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ప్రతి సాయంత్రం ఏడు గంటల దగ్గర గీత తెగిపోయింది. అరగంట పైచిలుకు ఏమీ లేదు. తర్వాత మళ్లీ కలిసింది. లినక్స్ గీత ఎక్కడా తెగలేదు.

"డబ్బా తప్పైతే మూడింట్లోనూ తెగాల" అన్నాను.

"డబ్బా కాదు. నిద్రపోతా ఉండాయి" అంది మనవరాలు. "ఎవరూ ముట్టుకోకపోతే బ్యాటరీ మిగలబెడదామని రెండూ నిద్రపోతాయి. ఆ సెట్టింగు తీసేస్తా."

తీసేసింది. మర్నాడు ఏడుకి మళ్లీ తెగింది. ఇంకేదో సెట్టింగు తీసింది. మళ్లీ తెగింది. నాకు ఆ ఖాళీ మీద ఎంత ఆసక్తి పుట్టిందంటే, పొద్దున్నే కాఫీ తాగకముందే, తమ్ముడింటి వెనక నేనుండే ఇంట్లోంచి వాకిలి దాటి వచ్చి గీత చూసేదాన్ని. ఆదివారాలు తెగలేదు. అది ఇంకా వింత. రెండు వేర్వేరు కంపెనీలు చేసిన రెండు లాప్‌టాపులు ఒకే వేళకి నిద్రపోవడమేమిటి? ఆదివారం సెలవేమిటి?

"ఆదివారం నెట్ వాడకం తక్కువ గదా, దానివల్లేమో" అంది మనవరాలు. తనకే నమ్మకం కలగలేదని గొంతులో తెలిసింది. ఆఫీసు పని నెత్తిమీద ఉంది. "అమ్మమ్మా, కారణం తరవాత చూద్దాం. ఒకటి తెగకుండా నడస్తా ఉంది గదా. దాన్ని పెడదాం."

ఏప్రిల్ పదకొండుతో మూడు వారాలు పూర్తయ్యాయి. లినక్స్ ఒక్కరోజు కూడా తప్పలేదు. మిగతా రెండూ ఆదివారాలు తప్ప రోజూ తప్పాయి, అదీ మనకి కావాల్సిన రెండున్నర గంటల్లోనే. నేను లినక్స్ అన్నాను. మనవరాలూ లినక్స్ అంది. తమ్ముడు తన పాత లాప్‌టాప్ గెలిచిందని మా మరదలితో చెప్పి మురిసిపోయాడు.

శాశ్వతంగా ఉంచే వస్తువు గోడకి చేరగిలబడి ఉంటే నాకు కుదరదు. ఎవరి మోచెయ్యైనా తగిలితే తెర కిందపడుతుంది. మర్నాడు శనివారం గూడూరు పంపించి కీలు వేయించాను. మంగళవారం తిరిగొచ్చింది. మూత చక్కగా పడుతుంది, చక్కగా లేస్తుంది. ఆ రాత్రి మనవరాలు ప్రోగ్రాము మళ్లీ మొదలుపెట్టింది. తన మ్యాక్, నా విండోస్ రెండూ బల్ల మీద నుంచి తీసేశాము.

మర్నాడు ఏప్రిల్ పదహారు, బుధవారం. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల వారం. నలభై రోజుల ప్రార్థనల్లో చివరి వారం కాబట్టి ఇంటి ప్రార్థన కొంచెం పొడుగ్గా సాగుతుంది. ఆ మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి ఉంది. ఎండ లేని రోజు గుంటలో గాలి తక్కువగానే ఉంటుంది. తమ్ముడు చక్రాలన్నీ వేసే ఇంటికి వచ్చాడు. ఏడింటికి మరదలు పాట ఎత్తుకుంది. పాట వినపడ్డాక నేనూ మనవరాలూ వెనకింట్లోంచి బైబిలు పట్టుకుని బయలుదేరతాము, ఎప్పుడూ అంతే. వసారాలో చాప మీద నలుగురం కూర్చున్నాము. గాలి లేచింది. నాలుగు చినుకులు పడ్డాయి. ఇంట్లో కరెంటు పోలేదు. గుంటల లైను వేరు.

ఆమేన్ అయ్యేసరికి ఏడూ యాభై ఆరు. మరదలు లేచి నడిమింట్లోకి వెళ్లింది. వెంటనే సైరన్ మోగింది. అది మోగడం మేము అదే మొదటిసారి వినడం. ప్రార్థనకి ముందు పళ్లెంలో పెట్టేసిన ఫోన్లు కూడా దడదడలాడాయి.

తమ్ముడు చొక్కా లేకుండానే బండి తీశాడు. మనవరాలు తెర ముందు నిలబడిపోయింది.

"ఏడు దాటి ఎనిమిది నిమిషాలకి కరెంటు పోయింది అమ్మమ్మా. డబ్బా అప్పుడే చెప్పింది. ఇది ఇప్పుడు అందుకుంది. ఏడు నుంచి ఇప్పటిదాకా గీత లేదు. ఇది కూడా నిద్రపోయింది."

"లినక్స్ నిద్రపోదన్నావే!"

"పోలేదు గదా మూడు వారాలు! నువ్వే చూసినావు గదా!"

మరదలు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడేగదా తెరిచినా. తెరవంగానే అరిచింది" అంది.

మనవరాలు అటు తిరిగింది. "తెరిచినావా? ఎవరు మూసినారు అవ్వా?"

"నేనే."

"ఎందుకు?"

"ఎందుకేందే? రోజూ మూస్తాగదా. ప్రార్థనకి ముందు టీవీ ఆపుతా, ఫోన్లన్నీ పళ్లెంలో బోర్లా పెడతా, ఇవి మూస్తా. ప్రార్థన జరిగే ఇంట్లో బైబిలు తప్ప ఇంకేం తెరిచి ఉండగూడదు. మా అత్త నేర్పింది. అయిపోంగానే యాడివి ఆడ తెరిచి పెడతా. మీ వస్తువ పాడు చేసినానా ఏంది?"

"రోజూనా? మూడిట్నీనా?"

"రెండిట్నే. ఈ ముసలిది మూతబడదు గదా, దాని మీద తువ్వాల కప్పతా ఉంటి. ఇయ్యాల బాగై వచ్చిందని దీన్నిగూడా మూసినా. ఎంత బాగా పడిందో మూత!"

కుర్చీ వీపు మీద ఉన్న తువ్వాల వైపు చూశాను. మూడు వారాలుగా అది అక్కడ ఉంది. సముద్రపు గాలికి ఉప్పు పడకుండా మరదలు పాత లాప్‌టాప్ మీద కప్పుతోందనుకున్నాను. ఆదివారం సాయంత్రాలు ప్రార్థన ఇంట్లో ఉండదు, అందరం గుడికి వెళతాము. గీత ఆదివారం తెగకపోవడం అందుకు. మూడింటికీ ఒకే పరీక్ష పెట్టామనుకున్నాను. పెట్టలేదు. రెండింటికి మూత వేసి, ఒకదానికి తువ్వాల కప్పి, మూత పడనిది బాగా మేలుకుందని మార్కులు వేశాను.

"మూత వేస్తే లినక్స్ కూడా నిద్రపోతుందా?" అని అడిగాను.

"మనం చెప్పకపోతే మూడూ పోతాయి" అంది మనవరాలు. కూర్చుని కళ్లు తుడుచుకుంది. మరదలికి అప్పటికి అర్థమైంది. చెప్పులు వేసుకుని, టార్చి తీసుకుని, గుంటల వైపు నడవడం మొదలుపెట్టింది. మూడు కిలోమీటర్లు. మనవరాలు స్కూటరు మీద వెనకే వెళ్లి ఎక్కించుకుంది.

తమ్ముడు జనరేటరు వేసేసరికి ఎనిమిదీ అయిదు. చక్రాలు ఆగి యాభై ఏడు నిమిషాలు. తూరుపు గుంటలో రొయ్య అప్పటికే గట్టు వెంట తేలి ఉందట. పడమటి గుంటలో పిల్ల చిన్నది, పలచగా ఉంది. దానికి ఏమీ కాలేదు. తెల్లవారాక చచ్చిన రొయ్యను వలతో ఏరారు. మిగిలింది కూడా నీరసపడి మేత ముట్టకపోవడంతో గురువారం తూరుపు గుంటలో రొయ్యంతా పట్టేశారు. డెబ్బై కౌంట్, అంటే కేజీకి డెబ్బై రొయ్యలు. ఇంకో నెల ఉంటే ఎదిగి నలభై కౌంట్‌కి వచ్చేది.

గురువారం సాయంత్రం ఏడింటికి మా మరదలు పాట ఎత్తుకోలేదు. తమ్ముడు స్నానం చేసి వచ్చి వసారాలో కూర్చున్నాడు.

"ఏం మే, గొంతు పోయిందా?"

"నావల్లనే గదా పోయింది గుంట" అంది తను, తల ఎత్తకుండా.

"గుంట కరెంటు వల్ల పోయింది. నువ్వు పాడు. మూతలు గూడా మూసుకో. ఆ పెట్టెని మేలుకోని ఉండమని చెప్పడం మన పాప పని, నీది గాదు" అన్నాడు. మరదలు పాడింది. మొదటి చరణం ఒక్కతే పాడుకుంది. రెండో దాంట్లో అందరం కలిశాము.

ఈస్టరు మర్నాడు సోమవారం మళ్లీ పరీక్ష పెట్టాము. ఈసారి మూడు మూతలూ మూశాము. ఏ సెట్టింగూ మార్చకపోతే మూడూ నిద్రపోయాయి. తర్వాత ఒక్కోదానికీ మూత వేసినా మేలుకుని ఉండమని చెప్పాము. విండోస్‌లో అది సెట్టింగుల లోపల ఒకచోట ఉంది, వెతికితే దొరికింది. లినక్స్‌లో ఒక ఫైలు తెరిచి ఒక్క వరస మార్చాలి. ఆ వరస నేనే కొట్టాను. మ్యాక్‌కి నల్లటి కిటికీలో ఒక ఆజ్ఞ ఉంది, పాస్‌వర్డు అడిగింది, చుక్క కూడా చూపించకుండానే. ఈసారి నేను కంగారు పడలేదు. మూడూ మాట విన్నాయి. మూడు గీతలూ ఏడు గంటల మీదుగా తెగకుండా సాగాయి.

అయితే ఏది మంచిది? మా పనికి మూడూ సరిపోతాయని తేలింది. మ్యాక్ మనవరాలితో బెంగళూరు వెళ్లిపోయింది. నా విండోస్ నాకు కావాలి, ఇది దాంట్లోనే టైపు చేస్తున్నాను. ఖాళీగా ఉన్నది తమ్ముడి పాత లాప్‌టాప్ కాబట్టి లినక్స్ ఉండిపోయింది. అది గెలవలేదు, మిగిలింది. రోజూ ఏడింటికి మరదలు దాని మూత వేస్తుంది. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు కిటికీలు అదిరినా, మూత కింద అది పని చేసుకుంటూనే ఉంటుంది. మే నెలలో రెండుసార్లు ప్రార్థన మధ్యలో సైరన్ మోగింది. రెండుసార్లూ మరదలే ముందు లేచి, "పొండి, నేను ముగిస్తా" అంది.

పడమటి గుంట జూన్‌లో పట్టారు. పంట బాగానే వచ్చింది. దాని లీజు తమ్ముడు మళ్లీ రాయించుకున్నాడు. తూరుపు గుంటది రాయించుకోలేదు.

పోయినవి: చచ్చిన రొయ్య ఆరువందల పది కేజీలు. నెల ముందే పట్టిన మిగతా రొయ్యకి రావలసిన ఎదుగుదల. తిరిగి కరెంటు వచ్చినప్పుడు కాలిపోయిన చక్రం మోటారు ఒకటి. మూడు వారాల మొదటి పరీక్ష. ఒక సాయంత్రం ప్రార్థనలో ఒక పాట మొదటి చరణంలో ముగ్గురి గొంతులు. తూరుపు గుంట.